లీడా? లెడ్డా?

ప్రశ్న: ఎల్-ఈ-ఏ-డీ స్పెల్లింగ్‌ని కొందరు లీడ్ అంటారు, కొందరు లెడ్ అంటారు, ఏది కరెక్టండీ?

జవాబు: రెండూ కరెక్టేనండీ, అర్థాన్ని బట్టి పలకాలి. ముందుండి నడిపించడం, ఆటలో ఆధిక్యం, సినిమాలో ప్రధాన పాత్ర, పోలీసులకి దొరికిన ఆధారం ఇవన్నీ లీడ్. సీసం అనే లోహమైతే లెడ్. పెన్సిల్లో ఉండేదీ లెడ్డే, కానీ అందులో సీసం ఉండదు, గ్రాఫైటూ బంకమట్టీ కలిపి చేస్తారు, పాతకాలంలో గ్రాఫైట్‌ని సీసంలో ఒక రకం అనుకోబట్టి ఆ పేరు అలా ఉండిపోయింది. అసలు చిక్కల్లా భూతకాలంతోనే, నడిపించాడు అనాలంటే పలకడం లెడ్ అనే గానీ రాసేటప్పుడు మధ్యలో ఏ ఉండదు, ఎల్-ఈ-డీ అంతే. చదవడానికి వాడే రీడ్‌ భూతకాలంలో రెడ్ అయినా స్పెల్లింగ్ మారదు కదా, దాన్ని చూసి ఇక్కడా ఏ పెట్టేస్తారు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా.