వైరల్ లోడ్ కనిపించలేదంటే మాత్రలు ఆపేయొచ్చని కాదు

ప్రశ్న: నా వయసు 36. హెచ్ఐవీ ఉంది, మూడేళ్లుగా దాన్ని అణచిపెట్టే ఏఆర్‌టీ మాత్ర వాడుతున్నా. పోయినసారి పరీక్షలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) కనిపించలేదన్నారు. చెల్లి పెళ్లికి ఊరెళ్తే ఇంటినిండా చుట్టాలు, మాత్రలు తీయడం కుదరక మూడు వారాలు వేసుకోలేదు. ఇబ్బందేమీ అనిపించలేదు. కొంచెం దగ్గుంటే షాపులో సిరప్ తెచ్చుకుని తాగుతున్నా. ఇక మాత్రలు మానేయొచ్చా? బలానికి ఏం తినాలి?
- ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: మానేయకూడదు. మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ, నాకు టెన్షన్ పెట్టింది మధ్యలో మామూలుగా రాసేసిన ఆ దగ్గు.

మామూలు మనిషికి రెండు వారాలు దగ్గితే టీబీ పరీక్ష చేయిస్తాం. హెచ్ఐవీ ఉన్నవాళ్ల విషయంలో రోజులు లెక్కపెట్టం, దగ్గు ఉందంటే చాలు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా? మీరు రాయలేదు. సిరప్ దగ్గును మూసిపెడుతుందే తప్ప కారణాన్ని తీయదు. షాపులో యాంటీబయాటిక్ కూడా ఇచ్చారేమో చూసుకోండి. వాటిలో కొన్ని టీబీని కొన్నాళ్లు అణచిపెట్టి, జబ్బు బయటపడటాన్ని ఆలస్యం చేస్తాయి. ఈ షాపు వైద్యం వల్ల నెలలు పోగొట్టుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. రేపే వెళ్లి తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోండి. మీకున్నది టీబీయే అని ఉత్తరం చూసి నేను చెప్పలేను. కాదని తేలాలి, అంతే.

అక్కడి నుంచి నేరుగా మీ ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి, మూడు వారాలు వేసుకోలేదని ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారని దాచొద్దు. ఒకవేళ టీబీ మందులు మొదలుపెడితే, వాటిలోని రిఫాంపిసిన్ మీ మాత్రలో ఉండే డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది. అప్పుడు అది రోజుకు రెండో డోసు కూడా వేసుకోవాల్సి వస్తుంది. ఇది సొంతంగా తేల్చుకునే లెక్క కాదు.

'కనిపించలేదు' అంటే మాత్ర పనిచేస్తోందని. వైరస్ కొన్ని కణాల్లో నిద్రపోతూనే ఉంటుంది, మాత్ర ఆపితే చాలామందిలో కొన్ని వారాలకే రక్తంలోకి వచ్చేస్తుంది. అప్పుడు ఒంట్లో ఏమీ తెలియదు, మీకూ అందుకే తెలియలేదు. హెపటైటిస్-బి కూడా ఉంటే మాత్ర ఆపడం వల్ల కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. పెళ్లయిందో లేదో రాయలేదు. వైరల్ లోడ్ అణగి ఉన్నంతకాలం శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు, ఇప్పుడా భరోసా లేదు. మళ్లీ పరీక్షలో తేలేదాకా కండోమ్ తప్పనిసరి. ఈ మూడు వారాల్లో కలిసి ఉంటే భాగస్వామికి ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రం) పరీక్ష చేయించండి. కలిసి 72 గంటలు దాటకపోతే సోకకుండా వాడే మందుల కోసం వెంటనే డాక్టర్‌ను కలవాలి.

చుట్టాల ముందు డబ్బా తీయలేని బాధ నాకు అర్థమవుతుంది. నా దగ్గరికి వచ్చే ఒకావిడ లేబుల్ గీకేసి, గలగల చప్పుడు రాకుండా డబ్బాలో దూది కుక్కి చీరల మధ్య పెట్టుకుంటుంది. రాత్రి మంచినీళ్లకని లేచినప్పుడు వేసుకుంటుంది. ఆరేళ్లలో ఒక్కరోజూ తప్పలేదు. ఊరెళ్లేముందు కౌన్సెలర్‌కి చెబితే దారి చూపిస్తారు, హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసినా ఉచితమే. మీ అనుమతి లేకుండా మీ విషయం బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టమే ఉంది.

తిండి అంటారా, పప్పు, గుడ్డు, ఆకుకూర, ఇంట్లో వండిందే చాలు. ఐరన్, కాల్షియం మాత్రలు గానీ, గ్యాస్‌కి తాగే యాంటాసిడ్ గానీ వాడుతుంటే మాత్రం ఆ సంగతి కూడా రేపు సెంటర్‌లో చెప్పండి.