దునుమాడుట – తునక

సందేహం: ‘ప్రతిపక్ష నాయకుడు ప్రభుత్వాన్ని దునుమాడారు’ అని పత్రికలలో తరచుగా చదువుతున్నాము. ఈ మాట దున్నుట నుండి వచ్చినదా, తునకకు చుట్టమా? విమర్శించుట అనే అర్థంలో వాడవచ్చునా? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: దున్నుటతో దీనికి పొత్తు లేదు, ఇది తునకకు చుట్టమే. ముక్కలగుట తునియుట, ముక్కలు చేయుట తునుముట, దాని నుండి తునుమాడుట; తునియ, తునక, తునాతునకలు ఆ ఇంటివే. ‘అరులన్ + తునిమెను’ (శత్రువులను నరికెను) అన్నప్పుడు ద్రుతం, అంటే మొదటి పదం చివరి నకారం, మీది తకారం దకారమై ‘అరులఁ దునిమెను’ అవుతుంది. తునుమబడేవాడు ద్వితీయా విభక్తిలో (‘అరులన్’ వలె) క్రియకు ముందే నిలుస్తాడు గనుక చెవికి ఎక్కువగా సోకినది ఆ దకారమే, చివరకు అదే స్థిరపడినదని నా అభిప్రాయం. సూళ్లూరుపేట, తడ వైపు తమిళం తెలిసినవారు బట్టను ‘తుణి’ అంటారు. అదీ ఈ ధాతువుదే, కోసిన ముక్క అని. అరవవారు ఆ తుణి నుండే ‘తుణివు’ అని సాహసాన్ని చెప్పుకొంటే, మనము తెగు నుండి తెగువను తెచ్చుకొన్నాము.

ఈ ధాతువు బలం చూడవలెనంటే మన నెల్లూరి తిక్కన సోమయాజినే ఆశ్రయించాలి. ఉద్యోగపర్వంలో, రాయబారానికి బయలుదేరనున్న కృష్ణునికి తన వెండ్రుకలను చూపి, వీటిని పట్టి యీడ్చిన చేయి మొదట, ఆపైన దుశ్శాసనుని ‘తను వింతలింతలు తునియలై చెదరి’ రూపు మాసి ఉండగా చూస్తే గాని తన ఉడుకు ఆరదంటుంది ద్రౌపది. ‘ఇంతలింతలు’ అనేటప్పుడు ఆమె వేళ్లతో కొలత చూపినదనే నాకు తోస్తుంది. తనువు, తునియ అని కొద్దిపాటి అక్షరాల తేడాతో మనిషి ముక్కలైపోయినాడు. ‘ఖండములై’ అని ఉంటే అర్థం మిగిలేది, ఆ కసి మిగిలేది కాదు. ఆ పాదంలో నరికేవాని పేరు కూడ లేదు. ఆమె కోరినది కళ్లారా చూడడం.

ఇంతటి మాటను ప్రతి సాయంకాలపు విలేకరుల సమావేశానికీ ఖర్చు పెట్టడం నాకు కష్టంగా ఉంటుంది. తప్పుపట్టుట, నిలదీయుట, ఎండగట్టుట, దుయ్యబట్టుట అని తీవ్రతను బట్టి వరుసగా మాటలున్నా, విలేకరులు మొదటి మెట్టు మీదనే దునుమాడుటకు దిగుతున్నారు. ఇళ్లలోనూ ఇదే తంతు. కూర తరుగుట, ఆకు తుంచుట, పైరు కోయుట, కొమ్మ నరుకుట అన్నీ పోయి ‘కట్ చేయుట’ ఒక్కటే మిగులుతున్నది.

అయినా దీనిని అపశబ్దమని తోసివేయలేను. ఖండించుట అంటే ముక్కలు చేయుటే. దానిని కాదనుట అనే అర్థంలో అందరమూ అంగీకరించినాము. ఆ దారినే వచ్చిన దునుమాడుటకు మాత్రం అడ్డు చెప్పడం న్యాయం కాదు. వాదాన్ని దునుమాడినాడంటే ఒప్పుకొంటాను. మనిషిని దునుమాడినాడని వ్రాస్తే మాత్రం, కావ్యాలు చదివిన చెవికి అక్కడ కత్తి దూసినట్లే వినబడుతుంది.