బుజ్జికి, కొత్త పేపర్లు చదవడం గురించి

ముక్తేశ్వరం

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పెట్టిన మెసేజ్ రెండుసార్లు చదివాను. అక్కడే జవాబిస్తే నాలుగు ముక్కలతో సరిపెడతానని కాగితం తీశాను. ప్రాజెక్టు కోసం అల్జీబ్రా, ఫంక్షనల్ అనాలిసిస్ (అనంత పరిమాణపు వెక్టర్ లోకాల శాస్త్రం) రెండూ కలిసేచోట ఈమధ్య వచ్చిన పేపర్లు చదవమన్నారనీ, మొదటి పేజీ దాటేసరికే టెన్షన్ వస్తోందనీ రాశావు. అందుకని ముందు రెండు పెద్ద పుస్తకాలు పూర్తిచేసి, ఆ తర్వాతే పేపర్ ముట్టుకుంటానన్నావు. ఆ ఆఖరి మాటకే నాకు కంగారు పుట్టింది.

అలా చేయకమ్మా. నేను అలాగే చేశాను. ఎమ్మెస్సీ అయ్యాక ఒక లావుపాటి పుస్తకం పట్టుకుని, అందులో లెక్కలన్నీ చేస్తేగాని పరిశోధన జోలికి వెళ్ళకూడదని పెట్టుకున్నాను. ఆరేళ్ళు పోయాయి. తర్వాత రీసెర్చిలో చేరినప్పుడు ఆ చదువంతా ఉండి కూడా చాలా చిన్న విషయం దగ్గర బోల్తా పడ్డాను. అదే నీకు ముందు చెప్పాలి.

ఏ, బీ అనే చతురస్ర మాత్రికలను గుణిస్తే ఏబీ = 1 (తత్సమ మాత్రిక) అయినప్పుడు బీఏ = 1 కూడా అవుతుందని డిగ్రీలోనే నేర్చుకుంటాం. నా పనిలో ఒకచోట అనంత పరిమాణపు ఆపరేటర్లకు, అంటే అంతులేని సంఖ్యల వరసలను మార్చేవాటికి కూడా దాన్ని ఆలోచించకుండా వాడేశాను. దాని మీద ఎనిమిది నెలలు మేడ కట్టాను. ఒకరోజు మా గైడు గారు కాగితం చూసి, "షిఫ్ట్‌కి పెట్టి చూశావా?" అని ఒక్క మాట అడిగారు. సంఖ్యల వరసలో ప్రతి సంఖ్యనూ ఒక చోటు వెనక్కి జరిపి, ఖాళీ అయిన మొదటి చోట సున్నా పెట్టడమే షిఫ్ట్. కోటిపల్లి రేవులో పంటు ఎక్కే వరస ఒక అడుగు వెనక్కి జరిగినట్టు అనుకో. వెనక్కి జరిపి మళ్ళీ ముందుకు జరిపితే వరస మొదట ఉన్నట్టే ఉంటుంది. ముందుకు జరిపి తర్వాత వెనక్కి జరిపితే మాత్రం మొదటి సంఖ్య పోతుంది. ఒక వైపు 1 వచ్చింది, రెండో వైపు రాలేదు. ఎనిమిది నెలల పని ఆ పూట పోయింది.

కాబట్టి నా మొదటి మాట ఇదే: పేపర్ తెరిచేటప్పుడు చేతిలో ఒక చిన్న ఉదాహరణ ఉండాలి. ప్రతి నిర్వచనాన్నీ, ప్రతి వాక్యాన్నీ దానికి పెట్టి చూడాలి. పుస్తకాన్ని అవసరమైనచోట తెరువు, మొదటి పేజీ నుంచి కాదు.

రెండో మాట కొంచెం వివరంగా చెప్పాలి. ఈ రెండు శాస్త్రాలూ కలిసే పేపర్‌లో అల్జీబ్రా ఒక్కటే ఇక నడవలేని అడుగు ఒకటి ఉంటుంది. పొడవు, లిమిట్, ధనాత్మకం అన్న మాటలు అక్కడే లోపలికి వస్తాయి. ఆ అడుగు ఎక్కడుందో వెతుకు. ధవళేశ్వరం లాకులు నీకు చిన్నప్పుడు చూపించాను కదా, రెండు మట్టాల నీళ్ళ మధ్య పడవను దాటించేవి. అలాంటి చోటు అది.

దీనికి నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ గణితవేత్త కప్లాన్‌స్కీది. గ్రూప్ రింగ్ నీకు తెలుసు, గ్రూపు (తమలో తాము గుణించుకోగలిగి, ప్రతిదానికీ విలోమం ఉన్న మూలకాల సమితి) మూలకాలకు గుణకాలు తగిలించి కూడిన మొత్తాలు. గుణకాలు కాంప్లెక్స్ సంఖ్యలైతే, ఏ గ్రూపు తీసుకున్నా ఏబీ = 1 ఉంటే బీఏ = 1 అయితీరుతుందని ఆయన నిరూపించాడు. నన్ను ముంచిన వాక్యమే ఇక్కడ నిజమవుతోంది! వాక్యంలో ఎక్కడా పొడవు లేదు, లిమిట్ లేదు. నిరూపణ మాత్రం ఆపరేటర్ల లోకంలోంచి వెళుతుంది.

కాగితం తీసుకుని నాతోపాటు చెయ్యి. ఒక మూలకంలో గ్రూపు తత్సమానికి (దేన్ని గుణించినా దాన్ని మార్చని మూలకానికి) ఉన్న గుణకాన్ని దాని ట్రేస్ అందాం. ఏబీ ట్రేసూ బీఏ ట్రేసూ ఒకటే, ఇది చేసి చూసుకో. ఇప్పుడు బీఏని 'పీ' అనుకుంటే, పీ వర్గం మళ్ళీ పీ అవుతుంది, ఎందుకంటే మధ్యలో ఏబీ ఉంది, అది 1. పీ ట్రేస్ 1 కాబట్టి 1 లోంచి పీ తీసేస్తే మిగిలేదాని ట్రేస్ సున్నా. దాని వర్గం కూడా అదే అవుతుంది. ఇంతవరకూ అంతా అల్జీబ్రానే. ఇక్కడ ఆగుతుంది. ఇలాంటి మూలకానికి ట్రేస్ సున్నా అయితే అది సున్నాయే అని చెప్పాలి. అందుకు గ్రూప్ రింగ్‌ని హిల్బర్ట్ స్పేస్ (పొడవూ లంబమూ కొలవగలిగే వెక్టర్ల లోకం) మీద పనిచేసే ఆపరేటర్లుగా చూడాలి. అక్కడ ఆ మూలకం బదులు అదే ట్రేస్ ఉన్న లంబ ప్రొజెక్షన్‌ని తేవచ్చు. ప్రొజెక్షన్ ట్రేస్ అంటే ఒక వెక్టర్ పొడవు వర్గం. అది సున్నా అయితే ప్రొజెక్షనే సున్నా. పని అయిపోయింది. షిఫ్ట్ ఉన్న లోకంలో ఇలాంటి ట్రేస్ ఉండదు, అందుకే అక్కడ వాక్యం కూలిపోయింది.

ఈ ఒక్క నిరూపణ నీ చేతుల్లోకి వస్తే తర్వాతి పరిశోధన ఎందుకు పుట్టిందో తనంతట తానే తెలుస్తుంది. గుణకాలను పరిమిత ఫీల్డులోంచి (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అన్నీ జరిగే కొద్ది సంఖ్యల సమితిలోంచి) తీసుకుంటే ధనాత్మకం అన్న మాటకే అర్థం ఉండదు, ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడేం చేయాలి? 2004లో ఎలెక్, సాబో అనే ఇద్దరు సోఫిక్ గ్రూపులన్నిటికీ (పరిమిత ప్రస్తారాలతో దాదాపుగా అనుకరించగలిగే గ్రూపులవి), ఏ ఫీల్డు తీసుకున్నా ఈ వాక్యం నిజమని చూపించారు. ఆ పేపర్ తెరిచినప్పుడు నీ చేతిలో ప్రశ్న ఉంటుంది. ప్రశ్న ఉన్నవాళ్ళకు మొదటి పేజీ భయపెట్టదు.

ఇక ఈమధ్య జరిగిన వాటిలో నువ్వు తప్పక చేతితో చేయాల్సింది ఒకటి ఉంది. తత్సమం తప్ప మరే మూలకాన్నీ ఎన్నిసార్లు తనతో గుణించినా తత్సమం రాని గ్రూపు తీసుకో. దాని గ్రూప్ రింగ్‌లో విలోమం ఉన్నవి, ఒక్క గ్రూపు మూలకానికి ఒక్క గుణకం తగిలించినవి మాత్రమేనా? హిగ్మన్ 1940లోనే తన థీసిస్‌లో ఎత్తిన ప్రశ్న ఇది, తర్వాత కప్లాన్‌స్కీ పేరుతో ప్రసిద్ధమైంది. ముందు పూర్ణసంఖ్యల గ్రూపుకి చేసి చూడు. అక్కడ ఇవి బహుపదులే, రుణ ఘాతాలు కూడా ఉంటాయి, అంతే. రెండిటిని గుణిస్తే అన్నిటికంటే పెద్ద ఘాతం ఉన్న పదమూ, చిన్న ఘాతం ఉన్న పదమూ దేనితోనూ కొట్టుకుపోవు. కాబట్టి రెండు పదాలున్నదానికి విలోమం రాదు. ఇంత తేలిక.

అన్ని గ్రూపులకూ ఈ కిటుకు పనిచేయదని, 1988లో ప్రామిస్లో ఒక సులువైన గ్రూపుతో చూపించాడు. 2021లో గైల్స్ గార్డమ్ సరిగ్గా ఆ గ్రూపులోనే, గుణకాలు 0, 1 మాత్రమే ఉన్న ఫీల్డు మీద, 21 పదాలున్న విలోమనీయ మూలకాన్ని పట్టుకున్నాడు. ఎనభై ఏళ్ళ ప్రశ్నకు జవాబు 'కాదు' అని తేలింది. వెతకడానికి సాట్ సాల్వర్ అనే రకం ప్రోగ్రాం, అంటే అవును-కాదు షరతులన్నీ ఒకేసారి తీరే దారి వెతికేది, వాడాడు. దొరికాక సరిచూడడానికి మాత్రం కంప్యూటర్ అక్కర్లేదు. విలోమంలో కూడా 21 పదాలే. 441 లబ్ధాలు రాయాలి. ఈ ఫీల్డులో ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా కాబట్టి అన్నీ జతలు జతలుగా పోయి చివరకు తత్సమం ఒక్కటే మిగులుతుంది. నేను కాలువలు కట్టేసిన వేసవిలో అరుగు మీద కూర్చుని మూడు రోజులు చేశాను. రెండుసార్లు తప్పాను. మూడోసారి ఆఖరి జత కొట్టేసినప్పుడు ఎవరికైనా చెప్పాలనిపించి మీ పెద్దమ్మను వంటింట్లోంచి పిలిచాను.

అనంతమైన వాటి గురించి పుట్టిన ప్రశ్నలు చాలాసార్లు ఇలా లెక్కపెట్టగలిగే వస్తువులోకి దిగుతున్నాయి. కాడిసన్, సింగర్ 1959లో ఆపరేటర్ ఆల్జీబ్రాల్లో అడిగిన ప్రశ్న వీవర్ చేతిలో మామూలు వెక్టర్లను రెండు భాగాలుగా పంచే ప్రశ్నగా మారింది. 2013లో మార్కస్, స్పీల్‌మన్, నిఖిల్ శ్రీవాస్తవ బహుపదుల మూలాలు ఒకదాని మధ్య ఒకటి ఎలా అల్లుకుంటాయో చూసి దాన్ని తేల్చారు. ఒజావా కూడా అంతే. కజ్‌దాన్ 1967లో చెప్పిన ప్రాపర్టీ టీ (గ్రూపు బిగువుగా ఉండే ఒక గుణం), గ్రూప్ రింగ్‌లో ఒక మూలకాన్ని వర్గాల మొత్తంగా రాయగలగడంతో సమానమని ఒజావా చూపించాడు. ఆ తర్వాత కలూబా, నోవాక్‌లతో కలిసి, ఐదు జనకాలున్న ఫ్రీ గ్రూపు (జనకాల మధ్య అదనపు సంబంధాలేవీ లేనిది) ఆటోమార్ఫిజమ్‌ల, అంటే గుణకారం చెడకుండా అది తనలోకి తాను మారే మార్పుల, విషయంలో ఆ వర్గాలను కంప్యూటర్‌తో వెతికించాడు. వీటిలో ఏది ఎంచుకున్నా నీ ఇష్టమే. నన్నడిగితే ప్రాపర్టీ టీ వద్దంటాను, ఒక సంవత్సరంలో దాని పునాదులు పడవు.

ఆర్కైవ్‌లో (పరిశోధకులు తమ పేపర్లు అచ్చుకు ముందే పెట్టే వెబ్‌సైటు, arXiv) పేపర్లు దించుకునేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడ ఉన్నంత మాత్రాన ఎవరో సరిచూశారని కాదు. ఒకే పేపర్‌కి రెండు మూడు వెర్షన్లు ఉంటాయి, చివరిదే చదువు, మొదటిదానికీ దీనికీ తేడా ఏమిటో కూడా చూడు. తప్పు ఎక్కడ దిద్దారో అక్కడే కష్టమైన అడుగు ఉంటుంది. ఉపోద్ఘాతం మూడుసార్లు చదివి, ప్రధాన సిద్ధాంతాన్ని పేపర్ మూసి తెలుగులో రాయి. రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నమాట. రాయగలిగితే నిరూపణలోకి వెళ్ళు. అర్థంకాని చోట రెండు రోజుల కంటే ఒంటరిగా ఉండకు. మీ గైడుని అడుగు, లేదా రచయితకే మర్యాదగా ఐదు వాక్యాల మెయిల్ రాయి. పల్లెటూరి పిల్లనని వెనకాడకు. నువ్వు చదువుతున్న ఆంధ్రా యూనివర్సిటీలోనే మీనాక్షిసుందరం గారు పాఠాలు చెప్పారు. ఆయన 1949లో ప్లేయెల్‌తో కలిసి రాసిన పేపర్‌ని స్పెక్ట్రమ్ (ఆపరేటర్ల లాక్షణిక విలువలు) మీద పనిచేసేవాళ్ళు ఈనాటికీ చూస్తారు.

పెద్ద పుస్తకాలు రెండూ గదిలో పక్కన పెట్టుకో, పారేయమనడం లేదు. ఈ వారం మాత్రం షిఫ్టూ, కప్లాన్‌స్కీ ట్రేసూ, అంతే. దసరాకి వచ్చేలోగా ఆ 441 లబ్ధాల పట్టిక కూడా వేసి తీసుకురా. నాది బీరువాలో ఉంది, నువ్వు పూర్తిచేసేదాకా బయటికి తీయను. అరుగు మీద రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుందాం.

నీ
పెదనాన్న