కావలి తమ్ముడికి, మైనస్ వచ్చిన వేరియన్స్ గురించి

ఒంగోలు, ఆదివారం పొద్దున

తమ్ముడూ,

నువ్వు పంపిన కోడంతా చదివా. అందరూ వాడుకునే కోడ్ లైబ్రరీకి రాయడం ఇదే మొదటిసారి అన్నావు, రాత మాత్రం శుభ్రంగానే ఉంది. సగటు, వేరియన్స్ (సగటు నుంచి అంకెలు ఎంత చెదిరాయో చెప్పేది) రెండూ ఒకే లూప్‌లో తీసేసి స్పీడ్ పెంచానని మురిసిపోతూ రాశావు చూడు, నా టెన్షన్ అక్కడే. పదిహేనేళ్ల కిందట అచ్చం ఇదే పని నేనూ చేశా. మూడు నెలలు ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడే చేసి చూడు. 4, 7, 13, 16. సగటు 10, తేడాల వర్గాలు కలిపితే 90, నాలుగులో ఒకటి తగ్గించి మూడుతో భాగిస్తే వేరియన్స్ 30. ఒక్కోదానికి 100 కోట్లు కలుపు. అంకెల మధ్య ఎడం మారలేదు, జవాబు 30 గానే ఉండాలి కదా? వర్గాల మొత్తంలోంచి దాదాపు అంతే పెద్ద అంకెను తీసేసే నీ ఫార్ములా మైనస్ 170.67 ఇస్తుంది. వర్గాలు కలిపితే వచ్చే వేరియన్స్ మైనస్ ఏంది అబ్బయా! డబుల్‌లో, అంటే కంప్యూటర్ దశాంశాల్ని దాచే రకంలో, నిలిచేవి 15, 16 అంకెలు, 100 కోట్ల వర్గానికేమో 19 కావాలి. చీమకుర్తి రాళ్ల లారీని కాటా ఎక్కించి, డ్రైవర్ జేబులో చిల్లర బరువెంతో చెప్పమన్నట్టు.

అంత పెద్ద అంకెలు ఎవరిస్తారులే అనుకోకు, నేనూ అనుకున్నా. 1970 నుంచి లెక్కపెట్టే కంప్యూటర్ సెకన్లు 2001లోనే 100 కోట్లు దాటాయి. రొయ్యల చెరువులో పెట్టిన మీటరు ఏయే టైముకి రీడింగ్ ఇస్తోందో చూద్దామని ఒకాయన ఆ సెకన్లనే నా ఫంక్షన్‌కి ఇచ్చి, మైనస్ చూసి నాకు ఫోన్ చేశాడు. ప్రోగ్రాం ఆగిపోయుంటే మొదటి రోజే తెలిసేది.

ఒకే లూప్ కావాలంటే 1962 నాటి వెల్‌ఫర్డ్ పద్ధతి ఉంది, సగటును అడుగడుగునా సవరించుకుంటూ పోతుంది, అది పెట్టు. అంతకుముందు 100 కోట్లు కలిపిన ఆ నాలుగు అంకెల్ని టెస్టుగా రాయి. నీ టెస్టులన్నీ పాసయ్యాయంటే పాసవుతాయి మరి, అన్నీ చిన్న అంకెలేనాయె.

ఇంకోటి, ఒక టెస్టులో టాలరెన్స్‌ని, అంటే జవాబులో ఒప్పుకునే తేడాని, వందో వంతు దాకా వదిలేసి "పాస్ కావడానికి" అని కామెంట్ కూడా పెట్టావు. నిజాయితీకి నవ్వొచ్చింది. 0.1కి 0.2 కలిపితే 17వ దశాంశం దగ్గర 4 తేలుతుంది కాబట్టి సరిగ్గా సమానమా అని అడక్కూడదు, ఒప్పుకుంటా, కానీ ఎంత దగ్గరైతే చాలో లెక్కను బట్టి ముందే తేల్చుకోవాలి, ఫెయిలయ్యాక కాదు.

వేరియబుల్‌కి ఊరికే ఫ్లో అని పేరేంది? సోమశిలలో నిల్వ టీఎంసీల్లో చెప్తారు, వదిలేది క్యూసెక్కుల్లో. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. యూనిట్ పేరులోనే పెట్టు. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇట్టాంటి తేడాకే, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇస్తే రెండోది న్యూటన్లనుకుంది.

స్పేస్‌లు సర్దడం, లెక్క మార్చడం ఒకే కమిట్‌లో, అంటే ఒక్కసారిగా భద్రపరిచే మార్పుల కట్టలో, కలపకు. 400 లైన్లలో అసలు మార్పు 6 లైన్లు, వెతకలేక చచ్చా.

తొందరేం లేదు, మార్చి పంపు. శనివారం కావలి వస్తున్నా, ఆలోపు పంపితే బస్సులో చదువుకుంటా.

మీ అన్న