రోజ్‌వుడ్ సంగతి తర్వాత, ముందు చెక్క ఆరిందా?

మొదటిసారి సొంతంగా అకూస్టిక్ గిటార్ చేసుకుంటున్నాను, వెనక పలకకీ పక్కలకీ రోజ్‌వుడ్ తీసుకోవాలా, మహాగనీనా అని మీరడిగారు. ఏదైనా తీసుకోండి. ఇప్పటికి ఆరు గిటార్లు చేశాను. కళ్లు మూసుకుని వింటే ఏది రోజ్‌వుడ్‌దో నేనే చెప్పలేను. చెప్పగలం అనేవాళ్ల కళ్లకి గంతలు కట్టి చూడాలని ఉంది.

స్పెయిన్‌లో గిటార్లు చేసే ఆంటోనియో దె టోరెస్ 1862లోనే ఈ తగవు తీర్చేశాడు. పైపలక స్ప్రూస్ అనే తేలికపాటి చెక్కతో చేసి, వెనకా పక్కలా కాగితపు అట్ట పెట్టాడు. పలికేది పైపలకే అని ఆయన వాదం. మనం మాత్రం ఇంకా వెనక పలక గురించే కొట్టుకుంటున్నాం.

నా రెండో గిటార్ సంగతి చెబుతాను. దాని పైపలకకి తీసుకున్న స్ప్రూస్ మీద గీతలు దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా, ఎంతో ముద్దుగా ఉండేవి. "బాగా ఆరిన చెక్క" అన్నాడు అమ్మినాయన. నమ్మేశాను. మంచి వానల్లో దాన్ని రెండున్నర మిల్లీమీటర్లకి చిత్రిక పట్టి, లోపల బద్దలు అతికించాను. తీగలు బిగించిన రోజు ఇంట్లో ఎవర్నీ పడుకోనివ్వలేదు.

ఎండలు ముదిరాక ఒక రాత్రి గదిలో ఠప్‌మని చప్పుడు. తీగ తెగిందనుకుని మళ్లీ పడుకున్నాను. పొద్దున చూస్తే, పైపలక మీద తీగలు కట్టే బ్రిడ్జి దగ్గర్నుంచి కింది అంచు దాకా వెంట్రుకంత చీలిక. లోపల టార్చ్ పెడితే వెలుగు బయటికి కనిపించింది. చెక్క ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు తగ్గదు. లోపల అడ్డంగా అతికించిన బద్దలేమో పలకని దగ్గరికి రానివ్వవు. ఇక అది చీలక ఏం చేస్తుంది? తప్పు సగం అమ్మినాయనది, సగం నాది. తేమ కొలిచే మీటర్ కొనకుండా ఆ డబ్బు పెట్టి సౌండ్‌హోల్ (పైపలక మీది గుండ్రటి రంధ్రం) చుట్టూ పొదగడానికి ముత్యపు చిప్ప కొన్నాను.

అందుకని చెక్కని ముందు నెలల తరబడి మీ గదిలోనే ఉంచండి. వారానికోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగేదాకా రంపం ముట్టుకోవద్దు. బద్దలు అతికించే రోజుల్లో గదిలో తేమ 45 శాతం దరిదాపుల్లో ఉండాలి. పైపలక కొనేటప్పుడు ముఖం కాదు, కోసిన చివర చూడండి. వలయాల గీతలు పలకకి నిటారుగా నిలబడి ఉండాలి. ఏటవాలుగా పడుకుని ఉంటే ఎంత అందంగా ఉన్నా వద్దు.

చెక్కని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి, కళ్లు మూసుకుని తలాడించే వీడియోలు చూసి మాత్రం కొనకండి. వాళ్లు ఆ చెక్కలో తేమ ఎంతో ఒక్కరోజూ చెప్పరు.

ఏదో ఒకటి చెప్పి తీరాలంటే మహాగనీ. రోజ్‌వుడ్‌లో నూనె ఎక్కువ, జిగురు సరిగా పట్టదు. పైగా కాగితాల గోల. బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద 1992 నుంచి కట్టడి ఉంది, 2017లో మిగతా రోజ్‌వుడ్ రకాలనీ అరుదైన మొక్కల, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే CITES అనే అంతర్జాతీయ ఒప్పందంలోకి తెచ్చారు. ఆ మిగతా రకాలతో తయారైన వాయిద్యాలకి 2019లో సడలించారు కానీ, ముడి పలకలు సరిహద్దు దాటాలంటే ఇప్పటికీ అనుమతులు కావాలి.

నా దగ్గర ఇప్పుడొక సెడార్ పలక ఆరుతోంది. వారం వారం బరువు దాని మీదే పెన్సిల్‌తో రాస్తున్నాను. మూడు వారాలుగా ఒకటే అంకె. అయినా ఇంకో నెల ఆగుతాను.