నాన్నగారి మౌనం మాటేమిటి?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు, నాన్నగారికి 71. ఒళ్లునొప్పులు, గుండెదడ, నిద్రలేమి అంటూ అమ్మ ఏడాదిగా బాధపడుతోంది. పరీక్షల్లో ఏమీ తేలకపోవడంతో డిప్రెషన్ అని నిర్ధారించి డాక్టరు మందులు రాశారు. నాన్నగారు ఏ బాధా చెప్పరు గానీ అయినదానికీ కానిదానికీ విసుక్కుంటున్నారు, తాగుడు కూడా పెరిగింది. డిప్రెషన్ ఆడవాళ్లకే ఎక్కువా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సర్వేల లెక్క అలాగే ఉంది. 45 ఏళ్లు పైబడినవారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి 72 వేల మందికి పైగా పలకరించిన 2017-18 నాటి ‘లాసీ’ జాతీయ అధ్యయనంలోనూ ఈ లక్షణాలు స్త్రీలలోనే ఎక్కువగా కనిపించాయి. భర్త పోయాక ఒంటరిగా బతకవలసి రావడం, చేతిలో సొంత డబ్బు లేకపోవడం, మంచాన పడినవారికి చాకిరీ చేయడం వంటివి మన ఇళ్లలో ఎక్కువగా వారి వంతుకే వస్తాయి.

అయితే ఆత్మహత్యల లెక్క తిరగబడుతుంది. వృద్ధాప్యంలో ప్రాణం తీసుకునేవారిలో, మన దేశంలోనూ బయటా, పురుషులే ఎక్కువ. సర్వేలో దిగులుందా అని అడిగితే లేదనే పెద్దమనిషికి ఆ దిగులు కోపంగానో, తాగుడుగానో, ఎవరితోనూ కలవకపోవడంగానో బయటపడవచ్చు. అది ముసలితనపు చాదస్తమని ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ నాన్నగారి సంగతే.

ఆయనను “దిగులుగా ఉందా” అని అడగకండి. తెల్లవారుజామునే మెలకువ వస్తోందా, అన్నం సహిస్తోందా, పేపరు మునుపటిలా చదువుతున్నారా అని మాటల్లో పెట్టి తెలుసుకోండి. “నేనుండి ఎవరికి లాభం” అన్న మాట ఒక్కసారి వినిపించినా తేలిగ్గా తీసుకోకుండా, పురుగుమందులు, నిద్రమాత్రలు ఇంట్లో అందుబాటులో లేకుండా చేసి, ఆయనను ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అమ్మ మందుల ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో మానిపించవద్దు. పెద్దవయసులో ఈ రకం మాత్రలలో కొన్నింటి వల్ల రక్తంలో సోడియం పడిపోవచ్చు. కొత్తగా నీరసం, తడబాటు, మతిమరుపు కనిపిస్తే ఆ పరీక్ష చేయించండి. థైరాయిడ్, బి12 పరీక్షలు జరిగాయో లేదో కూడా ఒకసారి అడగండి.

ఈసారి అమ్మను చూపించడానికి వెళ్లేటప్పుడు తోడు రమ్మని నాన్నగారిని పిలవండి. తన కోసమంటే రాని మనిషి భార్య కోసమంటే వస్తారు. డాక్టరుకు విషయం ముందే చెప్పి ఉంచండి. రోజూ ఎక్కువగా తాగే అలవాటుంటే మాత్రం ఇంట్లో మీరే ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రమాదం కావచ్చు, అది వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి.