పొద్దున్నే ఖాళీగా ఉండవలసిన సంచి

చిన్నీ,

ఆశీస్సులు. శంకర్‌పల్లి దగ్గర నువ్వు అద్దెకు తీసుకున్న ఇంటికి పెరడు ఉందనీ, అందులో ఐదు కోళ్లు పెంచబోతున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. మా ఇంటికి వస్తే పుంజుకు భయపడి అరుగు దిగని పిల్లవి నువ్వు. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. గూటికి గట్టి తలుపు, పిల్లీ ముంగిసా దూరనంత సన్నటి జాలీ ఉండాలి. నీళ్లు రోజూ మార్చు. కొక్కెర తెగులుకు టీకా పశువైద్యశాలలో అడిగి వేయించు, వేసవి దాకా ఆగకు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన గ్రామప్రియ పెట్టలు గుడ్లకు మంచివి. గుడ్లు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. తెల్లవారుజామున పక్కింటివాళ్లతో తగవుకు మాత్రమే అది పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. కోళ్లు కలిసి తిరుగుతాయి కాబట్టి కలిసి తింటాయనుకుంటావు. తినవు. ప్రతి మందలోనూ ఒక పెద్ద పెట్ట ఉంటుంది. అది దేన్నైనా పొడుస్తుంది, దాన్ని ఏదీ పొడవదు. దాని కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. చిట్టచివరిది అన్నిటి చేతా పోట్లు తింటుంది. వరుస ఒకసారి కుదిరాక పెద్దగా కొట్లాటలు ఉండవు. పెద్దది మెడ ఎత్తి చూస్తే చాలు, చిన్నది తప్పుకుంటుంది. పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. నేను మోసపోయింది అక్కడే.

1978, నేను కాపురానికి వచ్చిన ఏడు. మా అత్తగారికి ఎనిమిది పెట్టలు, ఒకటే మేత తొట్టి. వాటిలో ఒకటి బూడిదరంగుది, మెడ మీద ఈకలు ఊడి ఉండేది. అన్నీ తిని వెళ్లాక వచ్చి తొట్టి అడుగు గీరుకునేది. ఆ ఇంట్లో చివర తినేది అదీ నేనూ. అందుకే కాబోలు దాని మీద అంత మమకారం. వీలైనప్పుడల్లా నూకలు కొంగులో దాచి తెచ్చి పెట్టేదాన్ని. వీలుకాని రోజుల్లో అది ఏం తింటోందో ఆలోచించలేదు. పాత గోనెసంచులు పడేసిన మూల గీరుతూ ఉంటే పురుగులు ఏరుకుంటోందనుకున్నాను.

ఒకనాడు పొద్దున్నే గూడు తెరిచి దాన్ని ఎత్తుకుంటే మెడ కింద, రొమ్ముకు కుడివైపున నిమ్మకాయంత ఉండ తగిలింది. ‘హమ్మయ్య, కడుపు నిండా తింటోంది’ అని సంబరపడ్డాను. మర్నాటికి బత్తాయంత అయింది. ఇంకా సంబరపడ్డాను. నాలుగో రోజుకు అది రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని మూల నిలబడింది. నీరసపడిందని నేనే జొన్నలు నోట్లో కుక్కాను. చూడు నా తెలివి! ఎనిమిదో రోజు పోయింది. మా అత్తగారు కోసి చూపించారు. మెడ కింద మేత చేరే సంచి నిండా గోనె నార, ఎండుగడ్డి పోచలు చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. వాటి మధ్య నేను పెట్టిన జొన్నలు జొన్నలుగానే ఉన్నాయి. కింద కందనకాయలో నాలుగు రాళ్లు తప్ప ఏమీ లేదు. నిండిన సంచి మోసుకుంటూ ఆకలికి చచ్చింది.

మా అత్తగారు ఒక్క మాట అనలేదు. మర్నాడు రెండో తొట్టి తెప్పించి గోడకు అవతల పెట్టించారు. ఆ రాత్రి భోజనానికి నాకూ తన పక్కనే పీట వేశారు. ఎందుకని నేను అడగలేదు.

కోడికి పళ్లు లేవు కదా. మింగింది మింగినట్టు మొదట ఆ సంచిలో చేరి నానుతుంది. కొద్దికొద్దిగా కిందికి దిగి, లోపలి రసాలు కలిసి, కందనకాయలో పడుతుంది. వంటకు కందనకాయ చీల్చి పసుపుపచ్చ పొర ఒలిచేటప్పుడు రాళ్లు రాలడం చూసే ఉంటావు. అదే దాని తిరగలి. పెరడంతా సిమెంటు అయితే చిన్న గులకరాళ్లు ఒక మూకుట్లో పెట్టు. ఆలుచిప్పల పొడి గుడ్డు పెంకు కోసం, అది వేరు. లోపల కరిగిపోతుంది, రాళ్ల పని చేయదు.

సాయంత్రం గూటికి చేరే ముందు కోళ్లు ఆత్రంగా తింటాయి, అప్పుడు సంచి నిండుగా ఉండటం మంచిదే. పొద్దున మేత వేయకముందు మాత్రం అది ఖాళీగా ఉండాలి. రోజూ తడిమి చూడు. గట్టిగా తగిలితే మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టి, డాక్టరుకు చూపించు. నీళ్లతిత్తిలా మెత్తగా ఉండి, నోరు పులిసిన వాసన వేసినా చూపించు. తలకిందులు చేసి కక్కించమని ఎవరో ఒకరు చెబుతారు. చేయకు, ఊపిరితిత్తుల్లోకి పోయి నీ చేతుల్లోనే చస్తుంది. పెరట్లో బస్తాల దారం ఒక్క పోగు కూడా ఉండకూడదు. ఉందని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తిడతాను.

నువ్వు మొదటి వారంలోనే కంగారుపడేది రెట్టల గురించి. మామూలు రెట్ట మీద సున్నంలా తెల్లగా ఉండేది దాని మూత్రమే. మధ్యమధ్య ముదురు గోధుమరంగులో జిగటగా, ముక్కు మూసుకునేంత కంపుతో ఒకటి వేస్తుంది. అదీ జబ్బు కాదు. ఆకుపచ్చగా నీళ్లలా పడి, కోడి ముడుచుకు కూర్చుంటే అప్పుడు ఫోను చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

తర్వాతెప్పుడైనా కొత్తవాటిని తెస్తే ఒక్కదాన్నే తేకు, రెండు తే. నెలరోజులు దూరంగా ఉంచు. తర్వాత వారంపాటు జాలీ అవతలి నుంచి చూసుకోనిచ్చి, చీకటి పడ్డాక గూట్లో కర్ర మీద కూర్చోబెట్టు. వరుస మళ్లీ కుదిరేదాకా పొడుచుకుంటాయి, అడ్డుపడకు. రక్తం కనబడితే మాత్రం వెంటనే విడదీయి, ఎర్రచుక్క మీదికి అన్నీ ఎగబడతాయి.

ఐదు కోళ్లకు రెండు తొట్లు పెట్టు, ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనిపించకూడదు. మొదటి పది రోజులు మేత వేసి లోపలికి వెళ్లిపోకుండా అక్కడే కూర్చుని చివర ఏది వస్తోందో చూడు. నీ టిఫిను కూడా అక్కడే తిను. పొద్దున ఏమీ తినకుండానే ఆఫీసుకు పరుగెడుతున్నావట, అదీ మీ నాన్న చెప్పాడు.

ఆలుచిప్పల పొడి, ఒక వెదురు గంప ఆదివారం మీ బావతో పంపిస్తున్నాను. గంప మీద రాయి పెట్టడం మరిచిపోకు, కుక్క దొర్లించేస్తుంది.

నీ మేనత్త